బీపీ లేని మా నాన్నకి బైపాస్ ముందు బీపీ మాత్ర ఎందుకు?

#1 కొవ్వూరు_కుర్రాడు
మా నాన్నకి 66. మూడు రక్తనాళాల్లో బ్లాకులున్నాయి. స్టెంట్లతో పని కాదు, బైపాసే చేయాలన్నారు. వచ్చే వారం హైదరాబాద్‌లో ఆపరేషన్. యాంజియోగ్రామ్ అయిన దగ్గర్నుంచి మెటోప్రొలోల్ 25 రోజూ పొద్దున ఒకటి వేసుకోమని రాశారు. మందుల షాపులో అడిగితే "బీపీ మాత్ర" అన్నాడు. నాన్నకి జన్మలో బీపీ లేదు. నిన్న చూసినా 118/76. డాక్టర్‌ని అడిగితే "ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పకుండా" అని ఒక్క ముక్కలో తేల్చేసి తరువాతి పేషెంట్‌ని పిలిచారు.

ఈలోపు మా పెద్ద మావయ్య ఫోన్‌లో ఏదో చదివి, గుండెని నెమ్మది చేసే మందు వేసుకుని ఆపరేషన్‌కి వెళ్తే టేబుల్ మీదే గుండె ఆగిపోతుందని నాన్నని హడలగొట్టాడు. అప్పట్నుంచి నాన్న మాత్ర నోట్లో వేసుకుని, మేం అటు తిరగ్గానే ఉమ్మేస్తున్నాడట. అమ్మ ఇవాళ చెప్పింది. అసలు ఈ మాత్ర అంత అవసరమా? మీ ఇళ్లల్లో బైపాస్ అయినవాళ్లకి ఇచ్చారా? ఇచ్చినా లయ తప్పిందా?

#2 కరీంనగర్_కిట్టు
మా బాపుకి ఇచ్చారు. ఏం కాలేదు. ముందు మీ మావయ్య దగ్గర ఫోన్ లాక్కోండి.

#3 మందుచీటీ
షాపులో కూర్చునేవాణ్ని కాబట్టి చెప్తున్నా. మేం "బీపీ మాత్ర, షుగర్ మాత్ర, గ్యాస్ మాత్ర" అని మూడు ముక్కల్లో చెప్పేస్తాం. వెనకాల లైన్ ఉంటుంది, అంతకంటే వివరించే తీరిక ఉండదు. మెటోప్రొలోల్‌ని బీపీకీ వాడతారు, ఛాతీ నొప్పికీ వాడతారు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకీ వాడతారు. దీని అన్నగారు ప్రొప్రనొలోల్‌ని మైగ్రేన్‌కీ, చేతులు వణికేవాళ్లకీ రాస్తారు. ఇవన్నీ బీటా బ్లాకర్లు. పేరు చివర "లోల్" ఉంటే దాదాపు ఆ కుటుంబమే.

మీ నాన్నగారి విషయంలో నాకు భయం వేసేది మాత్ర వేసుకోవడం గురించి కాదు, ఉన్నట్టుండి మానేయడం గురించి. బ్లాకులున్న మనిషి ఈ మందుని ఒక్కసారిగా ఆపితే గుండె వేగం ఎదురు తిరిగి పెరుగుతుంది, నొప్పి రావచ్చు. మందుతో వచ్చే సమాచార కాగితంలోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు.

#4 కడప_కారం
లోల్

#5 ప్రకృతి_బాట
బీపీ లేనివాడికి బీపీ మందు, షుగర్ లేనివాడికి షుగర్ మందు. రేపు జుట్టు ఉన్నవాడికి విగ్గు కూడా రాస్తారు. కంపెనీ వాళ్ల కమీషన్ అండీ అంతా. నాన్నగారు ఉమ్మేయడమే మంచిది.

#6 మందుచీటీ
@ప్రకృతి_బాట ఈ మాత్ర ధర ఎంతో తెలుసా? స్ట్రిప్ మొత్తం కొన్నా ఆస్పత్రి క్యాంటీన్‌లో భోజనమంత అవ్వదు. పేటెంట్ ఎప్పుడో అయిపోయిన మందు. దీని మీద కమీషన్‌తో ఎవరూ మేడలు కట్టరు.

#7 మత్తుమాస్టారు
కొవ్వూరు బాబూ, ముందు ఒక పని చెయ్యండి. పొద్దున దాకా ఆగకుండా ఇప్పుడే ఆస్పత్రికి ఫోన్ చేసి, నాన్నగారు మాత్ర మానేశారనీ ఎప్పట్నుంచనీ చెప్పండి. అదే డోసుతో మొదలెట్టాలో తగ్గించాలో వాళ్లే చెప్తారు. మీ అంతట మీరు మానేసినవన్నీ కలిపి ఒకేసారి వేయకండి.

నేను గుండె ఆపరేషన్లకి మత్తు ఇచ్చి రిటైరైనవాణ్ని. బైపాస్ అయినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి, కొన్నిచోట్ల ముగ్గురిలో ఒకరికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వస్తుంది. వాల్వ్ కూడా కలిపి చేస్తే ఇంకా ఎక్కువ. గుండె పై గదులు క్రమంగా ముడుచుకోవడం మానేసి గజగజ వణుకుతాయి. కింది గదులు దానికి తగ్గట్టు గాడి తప్పి, నిమిషానికి 130, 150 కొట్టుకుంటాయి. ఎక్కువగా రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య వస్తుంది. అంటే పేషెంట్‌ని ఐసీయూ నుంచి వార్డుకి మార్చి, మీరంతా హమ్మయ్య అనుకుని టిఫిన్‌కి వెళ్లే సమయం.

ఎందుకు వస్తుందంటే కారణం ఒకటి కాదు. గుండెని చేత్తో కదిపాం, పొరని కోశాం, చుట్టూ కాస్త రక్తం చేరింది, వాపు వచ్చింది. నీళ్లు ఎక్కించాం, మూత్రం మందులిచ్చాం, పొటాషియం, మెగ్నీషియం పడిపోయాయి. వీటన్నిటి మీదా ఒళ్లంతా అడ్రినలిన్ పొంగుతూ ఉంటుంది. నొప్పి, భయం, నిద్ర లేకపోవడం అన్నీ దాన్ని ఎగదోస్తాయి. బీటా బ్లాకర్ ఆ అడ్రినలిన్‌ని గుండె దగ్గర అడ్డుకుంటుంది. మిగతా కారణాల జోలికి పోదు. అందుకే తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు.

మీ మావయ్యగారికి నా మాటగా చెప్పండి. పంపు మీద, అంటే రక్తాన్ని బయటి యంత్రంతో తిప్పుతూ చేసే బైపాస్‌లో గుండెని ఆపేది మేమే. పొటాషియం ఎక్కువున్న ద్రావణం పంపించి, కదలకుండా చేసి, కుట్లు వేశాక మళ్లీ కొట్టించుకుంటాం. పంపు లేకుండా చేస్తే కొట్టుకుంటున్న గుండె మీదే వెంట్రుక కంటే సన్నని దారంతో కుట్టాలి. అప్పుడు గుండె నెమ్మదిగా ఉంటే సర్జన్ సంతోషిస్తాడు. పైగా మూసేముందు గుండె మీద సన్నని పేసింగ్ తీగలు వదిలి బయటికి తీస్తాం. వేగం మరీ తగ్గితే బయటి పెట్టెతో నడిపిస్తాం. అన్నీ చూసుకునే దిగుతాం.

#8 కొవ్వూరు_కుర్రాడు
ఫోన్ చేశాను సార్. డ్యూటీ డాక్టర్ మొదట నన్నే తిట్టి, తర్వాత పల్స్, బీపీ ఎంతో అడిగి, రేపటి నుంచి అదే 25 వేయమన్నారు. మీ పోస్ట్ మొత్తం నాన్నకి చదివి వినిపించా. "గుండెని వాళ్లే ఆపుతారు" అన్నది విని ఇంకా ఎక్కువ భయపడ్డాడు. కానీ మాత్ర మింగాడు, నోరు తెరిచి చూపించాడు కూడా.

#9 కరీంనగర్_కిట్టు
మాస్టారూ, ధైర్యం చెప్పమంటే గుండెలు జారిపోయేలా చెప్పారు.

#10 నైట్‌డ్యూటీ_డాలస్
నేను ఇక్కడ అమెరికాలో, ఐసీయూకీ వార్డుకీ మధ్య ఉండే కార్డియాక్ స్టెప్‌డౌన్ యూనిట్‌లో నర్సుని. ఊరు నరసరావుపేట. మా దగ్గర బైపాస్‌కి ముందు 24 గంటల్లో బీటా బ్లాకర్ పడిందా లేదా అన్నది ఆస్పత్రి నాణ్యత లెక్కల్లో ఒక గడి. పడకపోతే ఎందుకు పడలేదో డాక్టర్ కారణం రాయాలి. ఆపరేషన్ రోజు పొద్దున పేషెంట్‌ని ఏ మందులేసుకున్నావని అడిగేటప్పుడు దీన్ని విడిగా అడుగుతాం.

ఉపవాసం అన్నారు కదాని ఆ రోజు పొద్దున మాత్ర కూడా మానేసేవాళ్లు చాలామంది. చాలాచోట్ల దీన్ని రెండు గుటకల నీళ్లతో వేసుకోమనే అంటారు. కానీ మీ అంతట మీరు నిర్ణయించుకోకండి. షుగర్ మందు, రక్తం పలచన చేసే మందు, బీపీ మందు, ఒక్కోదానికి ఒక్కో రూలు. ముందు రోజు రాత్రే మత్తు డాక్టర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి: ఏవి వేయాలి, ఏవి ఆపాలి.

ఆపరేషన్ తర్వాత కూడా గుడ్డిగా ఇవ్వం. ఆర్డర్‌లోనే రాసి ఉంటుంది, పల్స్ ఇంత లోపు, పై బీపీ ఇంత లోపు ఉంటే మాత్ర ఆపి డాక్టర్‌కి చెప్పమని. ప్రతిసారీ చూసే ఇస్తాం. మొదటి రోజు బీపీ నిలబెట్టడానికే ఇంజెక్షన్ నడుస్తున్నవాళ్లకి అసలు మొదలెట్టం.

#11 ప్రకృతి_బాట
కమీషన్ సంగతి వదిలేయండి. 2008లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన పోయిజ్ పరీక్ష చదవండి. 8,351 మంది. ఆపరేషన్ ముందు మెటోప్రొలోల్ ఇస్తే గుండెపోట్లు తగ్గాయి, కానీ చావులూ పక్షవాతాలూ పెరిగాయి. చావులు 2.3 శాతం నుంచి 3.1 శాతానికి. ఇదే మందు. ఇప్పుడేమంటారు మాస్టారు?

#12 కడప_కారం
ప్రకృతి బాటలో లాన్సెట్ కూడా ఉందా!

#13 మత్తుమాస్టారు
@ప్రకృతి_బాట మంచి పరీక్షే తెచ్చారు. అది వచ్చిన ఏడాది మా కాన్ఫరెన్సుల్లో వేరే మాటే లేదు. కానీ మొదటి పేజీలోనే ఉంటుంది చూడండి: గుండె ఆపరేషన్లు కాని ఇతర ఆపరేషన్లు. తుంటి ఎముక, పేగులు, కాలి రక్తనాళాలు, అలాంటివి. పైగా అంతకుముందు ఈ మందు వాడనివాళ్లకి ఆపరేషన్‌కి 2 నుంచి 4 గంటల ముందు ఒకేసారి 100 మిల్లీగ్రాములు ఇచ్చి, తర్వాత రోజుకి 200 దాకా తీసుకెళ్లారు. మొదటిసారి వేసుకునేవాళ్లకి అది చాలా పెద్ద డోసు. బీపీ పడిపోయింది, మెదడుకి రక్తం చాలలేదు. దాన్నుంచి నేర్చుకున్నది ఏమిటంటే, ఆపరేషన్ గుమ్మంలో పెద్ద డోసుతో కొత్తగా మొదలెట్టకు. అప్పటికే వాడుతున్నవాళ్లకి ఆపకు. కొవ్వూరు వాళ్ల నాన్నగారికి 25తో కొన్నాళ్ల ముందే మొదలెట్టారు. రెండిటికీ పోలిక లేదు.

#14 లెక్కల_మనిషి
ఇద్దరి మధ్యా దూరుతున్నందుకు తిట్టకండి. నా ఉద్యోగం డాక్టరీ కాదు, మందుల పరీక్షల గణాంకాలు. మత్తుమాస్టారు చెప్పినదాంట్లో తప్పు లేదు గానీ సగమే చెప్పారు.

బీటా బ్లాకర్ వల్ల గుండె ఆపరేషన్ తర్వాత ఏఫిబ్ (మాస్టారు చెప్పిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్) తగ్గుతుందన్నది నిజమే. కాక్రేన్ (వైద్య పరీక్షల్ని కలిపి చూసే సంస్థ) 2013 సమీక్షలో చిన్నా పెద్దా పరీక్షలన్నీ కలిపితే నూటికి 32 మంది నుంచి 16కి, అంటే సగానికి దిగింది. వినడానికి బ్రహ్మాండం. అయితే పాత పరీక్షలు చాలావాటిలో ఒక తిరకాసుంది. మందు ఇవ్వని గుంపులో అప్పటికే బీటా బ్లాకర్ వాడుతున్నవాళ్లు ఉన్నారు, పరీక్ష కోసం వాళ్లకి ఆపేశారు. మందుచీటీ గారు #3లో చెప్పిన ఎదురు దెబ్బ వాళ్లకి తగిలింది. అంటే ఒక గుంపుకి మేలు చేశారు, రెండో గుంపుకి కొంత కీడు చేశారు, తేడా పెద్దగా కనపడింది.

కెనడాలో వెయ్యి మంది మీద చేసిన పరీక్షలో మెటోప్రొలోల్‌తో 39 శాతం నుంచి 31కి తగ్గింది. మేలు ఉంది, సగం మాత్రం కాదు. ఆస్పత్రిలో ఉండే రోజులు తగ్గుతాయేమోనని చూడటమే ఆ పరీక్ష ఉద్దేశం. అవి తగ్గలేదు. అమెరికాలో 5 లక్షల మందికి పైగా బైపాస్ రికార్డులు తిరగేసి 2014లో ఒక విశ్లేషణ వచ్చింది. ఆపరేషన్ ముందు ఈ మాత్ర పడినవాళ్లకీ పడనివాళ్లకీ ప్రాణాల విషయంలో తేడా కనపడలేదు. అది రికార్డుల మీద లెక్క, చీటీ వేసి పంచిన పరీక్ష కాదు, ఒప్పుకుంటా. కానీ డాలస్ మేడమ్ చెప్పిన ఆ గడి ఉంది చూశారా, దాని మీద అక్కడే గొడవ మొదలైంది. అమెరికా గుండె సంఘాల సూచనల్లో 2011లో "ఇవ్వాలి" అన్న మెట్టు మీద ఉన్నది, 2021కి "ఏఫిబ్ తగ్గించడానికి ఇవ్వడం సమంజసం" అన్న మెట్టుకి దిగింది. చావులు తగ్గొచ్చేమో అని మెత్తగా అన్నారు, పక్షవాతం తగ్గుతుందా అంటే తేలలేదనే రాశారు.

#15 నైట్‌డ్యూటీ_డాలస్
@లెక్కల_మనిషి గడి గురించి మీరన్నది నిజం. గడి నిండాలని పొద్దున్నే హడావుడిగా పావు డోసు మింగించి పంపడం నేనూ చూశా. దానివల్ల పేషెంట్‌కి ఒరిగేదేమీ ఉండదు.

#16 ప్రకృతి_బాట
అదే కదా నేను మొదట్నుంచీ అంటున్నది. ప్రాణం నిలపదు, రోజులు తగ్గించదు. మరెందుకు మింగడం?

#17 వాణి_వైజాగ్
ఎందుకో నేను చెప్తా. మా అమ్మకి మైట్రల్ వాల్వ్ మార్చారు. ఆస్తమా ఉందని బీటా బ్లాకర్ ఇవ్వలేదు, అది వాళ్ల నిర్ణయం, తప్పుపట్టను. మూడో రోజు సాయంత్రం ఇడ్లీ తింటూ చెంచా కింద పెట్టేసి "లోపల ఏదో పిట్ట కొట్టుకుంటోందే" అంది. నేను గ్యాస్ అనుకున్నా. మణికట్టు పట్టుకుంటే రెండు దెబ్బలు గబగబా, తర్వాత ఏమీ లేదు, మళ్లీ నాలుగు ఒకేసారి. మానిటర్ మీద అంకె 148, 121, 160 అని గెంతుతోంది. అమ్మ ముఖం తెల్లబడిపోయింది, చెమట్లు. వార్డు నుంచి మళ్లీ ఐసీయూకి తీసుకెళ్లారు. ఆ రాత్రంతా అమియోడరోన్ (లయని సరిచేసే మందు) డ్రిప్. పొద్దునకి సర్దుకుంది, ప్రాణానికేం కాలేదు. గణాంకాల్లో మా అమ్మ "తేడా లేదు" గుంపులోనే ఉంటుంది. కానీ ఆ రాత్రి తర్వాత ఆవిడ ధైర్యం చెదిరిపోయింది. నెలల తరబడి రాత్రిళ్లు లేచి నాడి పట్టుకుని చూసుకునేది. ఒక మాత్రతో అది తప్పే అవకాశం పదిమందిలో ఒకరికి పెరిగినా నాకు చాలు.

#18 లెక్కల_మనిషి
వాణి గారూ, దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. నేను చెప్పిన లెక్కల్లో భయం లేదు. నేను వద్దనడం లేదు. తక్కువ డోసు, ముందునుంచీ, పల్స్ చూసుకుంటూ ఇస్తే నాకూ సమ్మతమే. అందరికీ ఒకే గడి పెట్టడమే నచ్చనిది.

#19 చలపతి_విజయవాడ
ఆస్తమా అంటే అసలు ఇవ్వకూడదా? మా అన్నయ్యకి పిల్లికూతలు ఉన్నాయి, బైపాస్ కూడా ఉంది.

#20 మత్తుమాస్టారు
@చలపతి_విజయవాడ ఊపిరితిత్తుల్లో కూడా బీటా రిసెప్టర్లు (అడ్రినలిన్ వచ్చి తగిలే చోట్లు) ఉంటాయి. పాత రకం ప్రొప్రనొలోల్ రెండు చోట్లా అడ్డుపడుతుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరి బిగుసుకుంటుంది. మెటోప్రొలోల్, బిసోప్రొలోల్ ఎక్కువగా గుండె మీదే పనిచేస్తాయి గానీ డోసు పెరిగితే ఆ తేడా చెరిగిపోతుంది. పొగతాగడం వల్ల వచ్చిన ఊపిరితిత్తుల జబ్బులో జాగ్రత్తగా ఇస్తుంటాం. ఇప్పటికీ దాడులు వచ్చే నిజమైన ఆస్తమాలో తప్పించుకునే చూస్తాం. అన్నయ్యగారి ఇన్‌హేలర్ వివరాలు మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. చాలామంది "అది జలుబు మందే కదా" అని చెప్పరు.

#21 కడప_కారం
సీరియస్‌గా ఒకటి. మా నాన్న ఇన్సులిన్ మీద ఉన్నాడు. ఈ మాత్ర మొదలెట్టాక షుగర్ 52కి పడిపోయినా వణుకు లేదు, దడ లేదు. ఊరికే చెమట పట్టింది. ఎండాకాలం కదాని ఫ్యాన్ పెంచాం. అమ్మే అనుమానం వచ్చి గ్లూకోమీటర్‌తో చూసింది. తర్వాత డాక్టర్ చెప్పాడు, ఈ మందు వణుకునీ దడనీ దాచేస్తుంది, చెమటని మాత్రం దాచదని. ఇంట్లో షుగర్ వాళ్లు ఉంటే గుర్తు పెట్టుకోండి.

#22 మందుచీటీ
@కడప_కారం మొదటిసారి పనికొచ్చే పోస్ట్ పెట్టావు బాసూ.

#23 కొవ్వూరు_కుర్రాడు
ఆపరేషన్ అయింది. మూడు గ్రాఫ్టులు (బ్లాకుల్ని దాటించే కొత్త రక్తనాళాలు), పంపు లేకుండానే చేశారట. ఆ పొద్దున మాత్ర రెండు గుటకల నీళ్లతో వేయమని ముందు రోజే రాయించుకున్నా (థ్యాంక్స్ డాలస్ మేడమ్). రెండో రోజు కుర్చీలో కూర్చోబెట్టారు. మూడు బంతుల గొట్టం ఇచ్చి ఊదమన్నారు. ఊదడం కాదట, లోపలికి పీల్చాలట. నాన్న ఒక బంతి దగ్గరే ఆగిపోయాడు.

#24 కరీంనగర్_కిట్టు
మా బాపు కూడా అంతే. దగ్గేటప్పుడు దిండు గట్టిగా హత్తుకోమనండి, కుట్ల నొప్పి తగ్గుతుంది.

#25 కొవ్వూరు_కుర్రాడు
నిన్న రాత్రి రానే వచ్చింది. మూడో రోజు. నాన్నకి ఏమీ తెలియలేదు, నిద్రలో ఉన్నాడు. నర్సు మానిటర్ చూసి పరిగెత్తుకొచ్చింది. 142. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, పొటాషియం తక్కువుందని సెలైన్‌లో ఎక్కించారు, మెగ్నీషియం ఇచ్చారు. మెటోప్రొలోల్ డోసు పెంచారు, అమియోడరోన్ మొదలెట్టారు. ఇవాళ మధ్యాహ్నానికి మామూలు లయకి వచ్చిందన్నారు. మావయ్య మాత్రం "చూశావా, మాత్ర వేసినా ఆగలేదు" అని కారిడార్‌లో అందరికీ చెప్తున్నాడు.

#26 ప్రకృతి_బాట
మావయ్యగారు అన్నదాంట్లో తప్పేముంది? నాన్నగారు త్వరగా కోలుకోవాలి, అది వేరే సంగతి.

#27 వాణి_వైజాగ్
తప్పేముందంటే, హెల్మెట్ పెట్టుకున్నా కాలు విరిగింది కాబట్టి హెల్మెట్ దండగ అన్నట్టుంది. మాస్టారు #7లోనే చెప్పారు, తగ్గిస్తుంది, ఆపదు అని. కొవ్వూరు తమ్ముడూ, భయపడకు. 142 దగ్గర ఆగడం కూడా ఆ మాత్ర పుణ్యం కావచ్చు, మా అమ్మకి 160 దాకా వెళ్లింది.

#28 మత్తుమాస్టారు
సర్దుకుంది కదా, సంతోషం. అమెరికా, కెనడాల్లో చేసిన ఒక పరీక్ష 2016లో వచ్చింది. ఆపరేషన్ తర్వాత ఈ లయ తప్పినవాళ్లు 523 మంది. సగం మందికి వేగం మాత్రమే తగ్గించారు, ఎక్కువగా బీటా బ్లాకర్లతోనే. మిగతా సగానికి అమియోడరోన్, అవసరమైతే షాక్ ఇచ్చి లయని సరిచేశారు. ఆస్పత్రిలో గడిపిన రోజులు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. రెండు నెలలు తిరిగేసరికి ఇటూ అటూ నూటికి 90 మందికి పైగా మామూలు లయలో ఉన్నారు. కాబట్టి ముందు జాగ్రత్తగా ఇచ్చిన మాత్ర ఆపలేకపోయినా, వచ్చాక వేగాన్ని పట్టి ఉంచడానికి మళ్లీ అదే మాత్ర. పొటాషియం గురించి ఒక మాట. మా కాలంలో 4.5 దాటేదాకా నిద్రపోయేవాళ్లం కాదు. బ్రిటన్‌లో, జర్మనీలో చేసిన పరీక్ష 2024లో వచ్చింది. 3.6కి దిగితేనే ఎక్కించిన గుంపులో కూడా లయ తప్పడం పెరగలేదు. మీ నాన్నగారికి ఎంతుందో నాకు తెలియదు కాబట్టి అక్కడివాళ్ల నిర్ణయాన్ని తప్పుపట్టను.

#29 చలపతి_విజయవాడ
అమియోడరోన్ అంత బాగా పనిచేస్తే ముందు నుంచీ అదే ఇవ్వొచ్చుగా? బీటా బ్లాకర్ గోలెందుకు?

#30 మందుచీటీ
@చలపతి_విజయవాడ ఇస్తారు కొన్నిచోట్ల, రిస్క్ ఎక్కువున్నవాళ్లకి. కానీ అది మొండి మందు. ఒంట్లోంచి వెళ్లడానికి నెలలు పడుతుంది. ఎక్కువ కాలం వాడితే థైరాయిడ్, ఊపిరితిత్తులు, కళ్లు అన్నీ చూసుకోవాలి. వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తం మరీ పలచబడుతుంది. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కూడా పడదు. కొన్ని వారాలకైతే పర్లేదు. చీటీ మీద ఎప్పుడు ఆపాలో రాయించుకోవడం మాత్రం మర్చిపోకూడదు. రెండేళ్లయినా అదే చీటీ పట్టుకుని వచ్చి అడిగేవాళ్లు నాకు తెలుసు.

#31 కొవ్వూరు_కుర్రాడు
రేపు డిశ్చార్జ్. మెటోప్రొలోల్ ఎక్స్‌ఎల్ 50, అమియోడరోన్, యాస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర, గ్యాస్ మాత్ర. రక్తం పలచన చేసే ఇంకో మందు అవసరం లేదన్నారు, ఒక రోజు లోపే తగ్గిపోయింది కాబట్టి. పేసింగ్ తీగలు పొద్దున లాగేశారు. నేను పక్కనే ఉన్నా. నాన్న పళ్లు బిగించి కళ్లు మూసుకున్నాడు. నర్సు "అయిపోయింది తాతగారూ" అంటే నమ్మలేదు. ఇంటికెళ్లాక ఏం చూసుకోవాలి? ఈ మెటోప్రొలోల్ జన్మంతానా?

#32 నైట్‌డ్యూటీ_డాలస్
రోజూ ఒకే వేళకి, అయిదు నిమిషాలు కూర్చున్నాక, మణికట్టు దగ్గర నాడి నిమిషం పాటు లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణించొద్దు, లయ తప్పితే ఆ లెక్క చెల్లదు. ఇంట్లో బీపీ మెషిన్ కూడా లయ తప్పినప్పుడు తప్పు అంకెలు చూపిస్తుంది, దాన్నే నమ్ముకోకండి. నాడి 50కి దిగినా, లేవగానే కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా, దడ మొదలై తగ్గకపోయినా ఫోన్ చేయండి. మాట తడబడటం, మూతి వంకర పోవడం, చెయ్యి పడిపోవడం కనిపిస్తే ఫోన్ కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

#33 మత్తుమాస్టారు
జన్మంతా అన్నది గుండె పంపింగ్ ఎలా ఉందో, ముందు గుండెపోటు వచ్చిందో లేదో చూసి తేలుస్తారు. కేవలం ఈ లయ కోసమే అయితే కొన్ని వారాల తర్వాత ఈసీజీ, ఎకో చూసి తగ్గించుకుంటూ వస్తారు. ఆపినా మెట్టు మెట్టుగానే. మావయ్యగారి సలహా మీద మాత్రం కాదు.

#34 కరీంనగర్_కిట్టు
మా బాపుకి దీనివల్ల నీరసం, చేతులు చల్లబడటం, వింత వింత కలలు వచ్చేవి. కలలో రోజూ రైలు తప్పిపోయేది. డాక్టర్‌కి చెప్తే వేరే లోల్‌కి మార్చాడు. రైలు దొరికింది.

#35 కడప_కారం
ఇంకో ఇబ్బంది కూడా ఉంటుంది, మగవాళ్లకి. నాన్నల గురించి మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఇక్కడ ఆపేస్తున్నా.

#36 మందుచీటీ
ఆపొద్దు, చెప్పాలి. సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పకుండా మాత్ర మానేసేవాళ్లలో సగం మంది దానికే మానేస్తారని నా అనుమానం. చెప్తే డోసు మారుస్తారు, మందు మారుస్తారు.

#37 ప్రకృతి_బాట
కొవ్వూరు గారూ, నాన్నగారు ఇంటికి చేరారా? నా మాటలకి బాధపడకండి. మందుల మీద నా అభిప్రాయం నాదే. పొద్దున కాసేపు నడక, రాత్రి పెందరాళే నిద్ర, వీటికి ఏ డాక్టరూ అడ్డు చెప్పడు.

#38 కొవ్వూరు_కుర్రాడు
చేరాం అండీ. వీధి చివరి దాకా నడుస్తున్నాడు. మావయ్య పక్కన తోడు వెళ్తున్నాడు. నాడి లెక్క పుస్తకం కూడా మావయ్యకే అప్పగించా, ఇప్పుడు రోజుకి మూడుసార్లు రాస్తున్నాడు. ఒకటే చిన్న డౌట్. నాన్నకి 50 మాత్ర మింగడం కష్టంగా ఉందట, గొంతు దగ్గర ఆగుతోందంటున్నాడు. నలిపి తేనెలో కలిపి ఇవ్వొచ్చా?

#39 మందుచీటీ
వద్దు. అది రోజంతా కొంచెం కొంచెంగా కరిగే ఎక్స్‌ఎల్ మాత్ర. నలిపితే, నమిలితే మొత్తం ఒకేసారి లోపలికి వెళ్తుంది, నాడి, బీపీ పడిపోతాయి. మధ్యలో గీత ఉంటే ఆ గీత దగ్గర రెండు ముక్కలు చేసి, రెండూ వెంట వెంటనే నీళ్లతో మింగించండి. గీత లేకపోతే స్ట్రిప్ ఫొటో పెట్టండి, ఏ కంపెనీదో చూసి చెప్తా.